ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలా? పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రతల కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో మాట్లాడుకోబోయేది గాలి గురించి. గాలిని బిగించి పెడితే ఏమవుతుంది, వేడెక్కిస్తే ఏమవుతుంది, వదిలేస్తే ఏమవుతుంది. టెన్త్‌లోనో ఇంటర్‌లోనో బాయిల్ నియమం, చార్లెస్ నియమం అని చదివే ఉంటారు. నిర్వచనం బట్టీ పట్టి, రెండు మార్కులు తెచ్చుకుని, మర్చిపోయి ఉంటారు. నేనూ అంతే. కాకపోతే ఆ రెండు మార్కుల ప్రశ్న ఒకరోజు మా ఇంట్లో వాళ్ల ప్రాణాల మీదికి తెచ్చింది. అందుకే ఈ ఎపిసోడ్.

కొన్నేళ్ల కింద, మే నెల. మైదుకూరు పక్కన పల్లెలో మా బంధువుల పెళ్లి. కర్నూలు నుంచి కార్లో బయల్దేరాం. మా చిన్నమామ డ్రైవింగ్, పక్కన నేను, వెనక అత్త, పిల్లలు, డిక్కీ నిండా సామాన్లు. ఊరు దాటే ముందు టైర్లలో గాలి చూపిద్దామని ఒక షాపు దగ్గర ఆగాం. అక్కడి మనిషి మీటర్ పెట్టి చూసి, మామతో అన్నాడు, "ఎండాకాలం గదప్పా, రోడ్డు కాలిపోతాంది. గాలి సాగి టైరు పేలుతుంది. తగ్గించి పెడతా" అని. 32 ఉండాల్సిన చోట 24 పెట్టాడు.

మామ నా వైపు చూశాడు. "నువ్వు ఫిజిక్స్ సదివినోడివి గదా, ఏమంటావ్?" అని. నేను బీఎస్సీ చదివిన పొగరుతో, "కరెక్టే మామా, ఉష్ణోగ్రత పెరిగితే పీడనం పెరుగుతుంది. గే-లుస్సాక్ నియమం" అని తలూపాను.

ఆళ్లగడ్డ దాటాం, చాగలమర్రి దాటాం. మధ్యాహ్నం ఒంటిగంట అవుతోంది. వెనక ఎడమ టైరు బాంబు పేలినట్టు పేలింది. కారు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి, రోడ్డు దిగి ముళ్లకంపల్లో దూరి ఆగింది. ఎదురుగా లారీ ఏదీ రాకపోవడం మా అదృష్టం. అత్తకు భుజం దగ్గర ఎముక విరిగింది. మిగతా వాళ్లం గీతలతో బయటపడ్డాం.

అప్పుడు నేను అనుకున్నదేంటంటే, "చూశారా, తగ్గించినా పేలింది. ఇంకా తగ్గించాల్సింది" అని. నా తప్పు ఎంత పెద్దదో తెలిసింది మరుసటి రోజు, మైదుకూరులో ఒక ముసలి టైర్ల మేస్త్రీ ఆ పేలిన టైరును చీల్చి లోపల చూపించినప్పుడు. ఆయన ఏమన్నాడో చివర్లో చెప్తా. ముందు గాలి సంగతి చూద్దాం.

గాలి ఎలా తోస్తుంది?

గాలి అంటే ఖాళీ కాదు. కంటికి కనపడని కోట్ల కోట్ల అణువులు, బుల్లెట్ల కన్నా తక్కువేమీ కాని వేగంతో అన్ని వైపులకీ పరుగెడుతుంటాయి. మామూలు గది ఉష్ణోగ్రతలో గాలి అణువుల సగటు వేగం సెకనుకు 400 మీటర్ల పైమాటే. అవి పోయి గోడకు కొట్టుకుంటాయి, వెనక్కి వస్తాయి, మళ్లీ కొట్టుకుంటాయి. ఈ దెబ్బలన్నీ కలిపి గోడ మీద పడే తోపుడే పీడనం. రేకుల షెడ్డు మీద వాన పడితే ఒక్కో చినుకు వేరుగా వినిపించదు, ఒకటే హోరు వినిపిస్తుంది కదా, అలా అన్నమాట.

ఇప్పుడు ఆలోచించండి. ఈ దెబ్బలు పెరగాలంటే మూడే దారులు. ఒకటి, చోటు తగ్గించాలి, అప్పుడు అణువులు తొందర తొందరగా గోడకు తగులుతాయి. రెండు, వేడి చేయాలి, అప్పుడు ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా తగులుతాయి. మూడు, ఇంకొన్ని అణువుల్ని లోపలికి పంపాలి, అంటే గాలి కొట్టాలి. ఈ మూడు మాటలే మొత్తం పాఠం. మిగిలింది లెక్క.

మీలో కొంతమంది ఫోన్లలో బారోమీటర్ సెన్సార్ ఉంటుంది. ఏదైనా ఫ్రీ యాప్ వేసి చూడండి. సముద్ర మట్టం దగ్గర సుమారు 1013 హెక్టోపాస్కల్స్ అని పుస్తకంలో ఉంటుంది. కర్నూలు కొంచెం ఎత్తులో ఉంది కాబట్టి ఎండాకాలంలో 970, 980 మధ్య ఏదో చూపిస్తుంది. ఇప్పుడు ఆ ఫోన్‌ను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో గాలితో సహా పెట్టి, మూసేసి, చేత్తో కవర్‌ను మెల్లగా నొక్కండి. అంకె పైకి పోతుంది. చోటు తగ్గింది, పీడనం పెరిగింది. బాయిల్ నియమం మీ అరచేతిలోనే ఉంది.

బాయిల్, మన కంప్రెసర్ బోరు

రాబర్ట్ బాయిల్ 1662లో ఈ సంగతి ప్రచురించాడు. ఇంగ్లిష్ అక్షరం 'జే' ఆకారంలో వంచిన గాజు గొట్టం, ఒక కొస మూసి ఉంటుంది. అందులో పాదరసం పోసుకుంటూ పోయాడు. పాదరసం బరువు పెరిగేకొద్దీ మూసిన కొసలో ఇరుక్కున్న గాలి చిన్నదైపోయింది. లెక్క చూస్తే, పీడనం రెండింతలు అయితే ఘనపరిమాణం సగం, మూడింతలు అయితే మూడో వంతు. ఉష్ణోగ్రత మారకూడదు, అంతే షరతు.

ఇది ఎక్కడో దూరదేశం సంగతి అనుకోకండి. మన కర్నూలు, కడప పల్లెల్లో నీళ్లు అడుగంటిన బోర్ల మీద కంప్రెసర్ పెట్టి నీళ్లు తోడేది చూశారా? మా తాత చేలో ఒకటుండేది. మామూలు మోటరు బోరులో దించితే నీళ్లు లేనప్పుడు ఒట్టిగా తిరిగి కాలిపోతుంది. కంప్రెసర్ అయితే బోరు లోపల తిరిగే సామాను ఏదీ ఉండదు. పైన మిషను, లోపలికి రెండు పైపులు. సన్న పైపులోంచి గాలి కిందికి పోతుంది, లావు పైపులోంచి నీళ్లు, గాలి కలిసి బుస్సు బుస్సుమంటూ పైకొస్తాయి. ఆగి ఆగి వస్తాయి, అదే దాని గుర్తు.

చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, గాలి కిందికి పంపితే నీళ్లు పైకెలా వస్తాయి అని. లెక్క ఇదీ. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. నీటి మట్టానికి 60 మీటర్ల కింద గాలి వదిలామనుకోండి. అక్కడ పీడనం నీటివల్ల ఆరు, పైన ఆకాశంవల్ల ఒకటి, మొత్తం ఏడు. అక్కడ ఒక లీటరు ఉన్న గాలి బుడగ పైకి వస్తూ వస్తూ పీడనం తగ్గేకొద్దీ ఉబ్బుతుంది. నేల మీదికి వచ్చేసరికి అదే బుడగ ఏడు లీటర్లు. పైపులో నీటి మధ్య ఇంత గాలి దూరితే ఆ మిశ్రమం తేలికైపోతుంది. బయట, బోరులో ఉన్న ఒట్టి నీరు బరువు. ఆ బరువు తేలికైన దాన్ని పైకి తోస్తుంది. అంతే. రైతు బాయిల్ పేరు వినకపోవచ్చు, కానీ ఆయన నీళ్లు బాయిల్ పుణ్యమే.

ఇంకో సంగతి గమనించారా? ఆ కంప్రెసర్ మిషను నడిచేటప్పుడు దాని తల ముట్టుకుంటే చేయి కాలుతుంది. సైకిల్ పంపు కూడా అంతే, పది సార్లు కొడితే కింది భాగం వేడెక్కుతుంది. గాలిని గబగబా నొక్కితే మనం చేసిన పని అంతా వేడిగా మారుతుంది. ఆ వేడి బయటికి పోయిందంటే మనం కట్టిన కరెంటులో కొంత గాలిలో కలిసినట్టే. కంప్రెసర్ బోరుకు కరెంటు ఎక్కువ కాలడానికి అదొక ముఖ్యమైన కారణం.

చార్లెస్, మన సుడిగాలి

రెండో పాఠం, వేడి. జాక్ చార్లెస్ అని ఫ్రాన్స్‌లో ఒక శాస్త్రవేత్త. 1783 ఆగస్టు 27న పారిస్‌లో హైడ్రోజన్ నింపిన బెలూన్ ఎగరేశాడు. అందులో మనుషులు లేరు. అది పోయి గోనెస్ అనే పల్లెలో పడింది. ఊరి జనం దాన్ని ఏదో భూతం అనుకుని పనిముట్లతో పొడిచి పొడిచి చంపారు. నవ్వకండి, మన ఊళ్లో ఆకాశం నుంచి అంత సంచి బుస్సుమంటూ పడితే మనమూ కర్రలు తీసుకునేవాళ్లమే.

ఆ చార్లెస్ 1787 ప్రాంతంలో ఒకటి గమనించాడు. పీడనం మారకుండా ఉంచి వేడి చేస్తే, వాయువులన్నీ ఒకే లెక్కన ఉబ్బుతాయి. ఆయన ప్రచురించలేదు. 1802లో గే-లుస్సాక్ తన ప్రయోగాలు చేసి ప్రచురిస్తూ, చార్లెస్ ముందే చూశాడని చెప్పాడు. అందుకే అది చార్లెస్ నియమం అయింది. లెక్క ఏంటంటే, సున్నా డిగ్రీల దగ్గర ఎంత ఘనపరిమాణం ఉందో, ఒక్కో డిగ్రీకి అందులో 273వ వంతు చొప్పున పెరుగుతుంది.

మనవైపు దీనికి ఉదాహరణ వెతకాల్సిన పని లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దుక్కి చేలల్లో సుడిగాలి లేస్తుంది కదా, ఎర్రదుమ్ము, ఎండుటాకులు, ప్లాస్టిక్ కవర్లు తిప్పుకుంటూ. మా అవ్వ "దయ్యం పోతాంది, పక్కకు రా" అని లాగేది. జరిగేది ఇది. నేల కాలి, దాన్ని ఆనుకున్న గాలి 60 డిగ్రీల దాకా పోయిందనుకోండి. దాని మీది గాలి 42 దగ్గర ఉంది. వేడెక్కిన గాలిని బిగించిన గోడలేమీ లేవు, కాబట్టి పీడనం అదే ఉంటుంది, ఘనపరిమాణం పెరుగుతుంది. ఉబ్బిన గాలి తేలిక, అది పైకి లేస్తుంది. ఖాళీ అయిన చోటికి చుట్టూ గాలి దూసుకొస్తుంది, వస్తూ తిరుగుతుంది. దయ్యం కాదు, చార్లెస్.

273 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. వేడి చేస్తే ప్రతి డిగ్రీకి 273వ వంతు పెరిగితే, చల్లబరిస్తే అంతే తగ్గాలి కదా? అలా తగ్గిస్తూ పోతే మైనస్ 273 దగ్గర ఘనపరిమాణం సున్నా కావాలి. నిజం వాయువులు అంతదాకా రావు, ముందే ద్రవాలైపోతాయి. కానీ కాగితం మీద గీసిన గీత మాత్రం అక్కడికే పోతుంది. కచ్చితంగా చెప్పాలంటే మైనస్ 273.15 డిగ్రీలు. అంతకన్నా చలి లేదు. అసలు సున్నా అదే. 1848లో కెల్విన్ ఆ సున్నా నుంచి మొదలయ్యే కొలత ప్రతిపాదించాడు. మన సెల్సియస్‌కు 273 కలిపితే కెల్విన్ వస్తుంది. 27 డిగ్రీలంటే 300 కెల్విన్.

మన సెల్సియస్ సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే చోటు, అంతే. గాలి అణువులకు అక్కడ ప్రత్యేకమైనదేమీ లేదు. అందుకే వాయువుల లెక్కలన్నీ కెల్విన్‌లోనే చేయాలి.

పీడనం కూడా అలాంటిదే. టైరు మీటర్ 32 పీఎస్‌ఐ అని చూపిస్తే, అది బయటి గాలి కన్నా ఎంత ఎక్కువో చెప్తోంది. బయటి గాలే సుమారు 14.7 ఉంది. అసలు పీడనం రెండూ కలిపితే 46.7. పంక్చరై పూర్తిగా కూర్చున్న టైరులో మీటర్ సున్నా చూపిస్తుంది, కానీ లోపల గాలి లేదని కాదు, బయట ఉన్నంతే ఉందని.

ఇప్పుడు టైరు లెక్క

మూడో పాఠం. చోటు మారకుండా వేడి చేస్తే పీడనం పెరుగుతుంది. గీయోమ్ అమోంటన్ అనే ఫ్రెంచాయన 1700 ప్రాంతంలోనే దీన్ని గమనించాడు, తర్వాత గే-లుస్సాక్ పేరు దీనికి తగులుకుంది. టైరుకు సరిపోయే నియమం ఇదే, ఎందుకంటే లోపల స్టీలు, నైలాన్ పొరలు ఉన్న టైరు పెద్దగా సాగదు.

ఉదయం 27 డిగ్రీలు, టైరులో 32 పీఎస్‌ఐ. మధ్యాహ్నం హైవే మీద పరుగెత్తి టైరు లోపల గాలి 67 డిగ్రీలకు పోయింది. మీటర్ ఎంత చూపిస్తుంది? కొంచెం ఆపి మీరే లెక్క వేయండి.

సెల్సియస్‌లో వేసిన వాళ్లకు 32ను 27తో భాగించి 67తో గుణిస్తే 79 వస్తుంది. భయమేస్తుంది కదా? మా షాపు మనిషి మనసులో ఉన్నది ఇలాంటి లెక్కే. సరైన లెక్క చూడండి. అసలు పీడనం 46.7. ఉష్ణోగ్రత 300 నుంచి 340 కెల్విన్. 46.7ను 340తో గుణించి 300తో భాగిస్తే దాదాపు 52.9. బయటి 14.7 తీసేస్తే 38.2. అంటే 32 కాస్తా 38 అయింది. ఆరు పీఎస్‌ఐ పెరిగింది, అంతే.

38కి కారు టైరు పేలుతుందా? మీ కారు టైరు పక్క గోడ మీద చూడండి, గరిష్ఠ పీడనం అని 44 అనో 51 అనో ఉంటుంది చాలా టైర్లకు. అది కూడా చల్లగా ఉన్నప్పుడు నింపడానికి చెప్పిన హద్దు. టైరు తయారుచేసేవాళ్లకు, కారు తయారుచేసేవాళ్లకు నడిస్తే టైరు వేడెక్కుతుందని తెలియదా? తెలుసు. ఆ పెరుగుదలను ముందే లెక్కలో పెట్టుకునే "చల్లగా ఉన్నప్పుడు 32" అని స్టిక్కర్ అంటించారు.

మరి మా టైరు? 24తో బయల్దేరింది. అది 67 డిగ్రీలకు పోతే 29. 97 డిగ్రీలకు పోయినా 33. అంటే పేలే క్షణంలో కూడా దాని లోపల పీడనం, మామూలుగా గాలి కొట్టిన టైరు కన్నా ఎక్కువ కాదు. గాలి ఎక్కువై అది పేలలేదు. మరి ఎందుకు పేలింది?

తక్కువ గాలి, ఎక్కువ వేడి

కారును మోసేది రబ్బరు కాదు, గాలి. ఒక చక్రం మీద 300 కిలోల బరువు ఉందనుకుందాం. 32 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండుంపావు కిలోలు. 300 కిలోలను మోయడానికి దాదాపు 133 చదరపు సెంటీమీటర్ల టైరు నేలకు ఆనాలి. 24 పీఎస్‌ఐ అయితే అదే బరువుకు 178 దాకా ఆనాలి. ఎక్కువ ఆనాలంటే టైరు ఎక్కువ కుంగాలి. పక్క గోడలు ఎక్కువ వంగాలి.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు చక్రం సెకనుకు పదకొండు, పన్నెండు సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ పక్క గోడలో ప్రతి చోటు ఒకసారి వంగి లేస్తుంది. ఇనుప తీగను తెంచాలంటే ఏం చేస్తాం? అటూ ఇటూ వంచుతాం. అక్కడ వేడెక్కి, తర్వాత తెగుతుంది. టైరులో జరిగేది కూడా అదే. వంగుడు ఎక్కువైతే వేడి ఎక్కువ. దానికి తోడు కింద కాలిన రోడ్డు, పైన 44 డిగ్రీల ఎండ, వెనక సీటు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాన్లు. ఆ వేడి బయటికి పోలేదు. రబ్బరుకూ, లోపలి పొరలకూ ఉన్న పట్టు వదులుతుంది. ఒక చోట పొర విడిపోగానే, మామూలు పీడనమే దాన్ని చీల్చేస్తుంది.

అంటే నియమం తప్పు కాదు. ఉష్ణోగ్రత పెరిగితే పీడనం పెరుగుతుంది, నిజమే. నేను మర్చిపోయిందల్లా, ఆ ఉష్ణోగ్రత ఎక్కడి నుంచి వస్తోంది అనే ప్రశ్న. ఎండ నుంచి కొంతే వస్తుంది. మిగతాది గాలి తగ్గించి మనమే పుట్టించాం. పీడనానికి భయపడి వేడిని పెంచుకున్నాం.

మైదుకూరు మేస్త్రీ టైరును తిరగేసి, లోపల గోడను గోరుతో గీకాడు. నల్లటి పొడి రాలింది, మసి లాగా. రబ్బరు నలిగి నలిగి పొడైపోయింది. "సూడు నాయనా, ఇది గాలి ఎక్కువై పేలిన టైరు కాదు. గాలి తక్కువై సచ్చిన టైరు" అన్నాడు. గే-లుస్సాక్ పేరు ఆయన విని ఉండడు. నేను విన్నాను. మామ నన్ను అడిగినప్పుడు నా దగ్గర నియమం సగమే ఉంది, ఆయన దగ్గర సంగతి మొత్తం ఉంది.

అన్నీ కలిపితే

ఈ మూడు నియమాలను కలిపి 1834లో క్లాపెరాన్ అనే ఇంజినీరు ఒకే సమీకరణంగా రాశాడు. ఈ రోజు మనం రాసే రూపం పీవీ = ఎన్ఆర్‌టీ. పీ పీడనం, వీ ఘనపరిమాణం, టీ కెల్విన్‌లో ఉష్ణోగ్రత, ఆర్ మారని అంకె. ఎన్ అంటే లోపల ఎంత గాలి ఉందో, ఎన్ని అణువులో అన్న లెక్క. అందరూ పీ, వీ, టీ చూస్తారు, ఎన్‌ను మర్చిపోతారు. గాలి కొట్టించడం, గాలి తీయడం అంటే ఎన్‌ను మార్చడం.

దీంతో ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. హైవే మీద టీ తాగడానికి ఆగారు. పక్కనే మీటర్ ఉంది. చూస్తే 38. "అమ్మో ఎక్కువైంది" అని 32కు దించారు. టైరు అప్పుడు 67 డిగ్రీల్లో ఉంది. మరుసటి రోజు ఉదయం 27 డిగ్రీలకు చల్లారాక చూస్తే ఎంత ఉంటుంది? లెక్క వేస్తే 26.5. మీరు తెలియకుండానే మా మామ కారు టైరును తయారుచేసుకున్నారు. అందుకే వేడి టైరు నుంచి గాలి ఎప్పుడూ తీయకూడదు.

నైట్రోజన్ సంగతి కూడా చెప్పేస్తా, చాలామంది అడుగుతుంటారు. నైట్రోజన్ నింపితే వేడికి పీడనం పెరగదు అంటారు. ఈ సమీకరణంలో ఏ వాయువు అనే అక్షరమే లేదు. నైట్రోజన్ అయినా, మామూలు గాలి అయినా లెక్క ఒకటే. అసలు మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. కాకపోతే సిలిండర్ నైట్రోజన్‌లో తేమ ఉండదు, కొంచెం మెల్లగా లీక్ అవుతుంది. ఆ లాభం నిజమే, కానీ చిన్నది. నైట్రోజన్ నింపాం కదా అని నెలల తరబడి మీటర్ పెట్టకపోతే మాత్రం నష్టం పెద్దది.

ఈ నియమం పని చేయని చోటు

ఇంట్లో గ్యాస్ సిలిండర్‌కు ఈ లెక్క నేరుగా వేయకండి. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్నది చాలావరకు ద్రవం, దాని మీద కొంచెం ఆవిరి. ఆవిరి వాడుకుంటుంటే ద్రవం మరిగి మళ్లీ ఆవిరి ఇస్తుంది. అందుకే సిలిండర్ నిండుగా ఉన్నా, పావు వంతు ఉన్నా లోపల పీడనం దాదాపు ఒకటే, ఉష్ణోగ్రత ఎంతో దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ ఎండకు పీడనం పెరిగే వేగం, మామూలు గాలి కన్నా చాలా ఎక్కువ. ద్రవం కూడా ఉబ్బుతుంది, అందుకే సిలిండర్‌ను ఎప్పుడూ పూర్తిగా నింపరు, పైన కొంత చోటు వదులుతారు. మిద్దె మీద, ఎండ తగిలే వాకిట్లో సిలిండర్ పెట్టకండి. నీడ, గాలి తగిలే చోటు దానికి కావాలి.

సెంటు డబ్బాలు, లైటర్లు కూడా ఇదే జాతి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో 50 డిగ్రీలకు మించి వేడి తగలనివ్వొద్దు అని ఉంటుంది. అద్దాలు ఎక్కించి ఎండలో నిలిపిన కారు లోపల, మన కడప ఎండకు ఆ 50 దాటడం పెద్ద పని కాదు. డ్యాష్‌బోర్డ్ మీద అవి వదిలిపెట్టకండి.

ఈ వారం మీరు చేయాల్సింది

ఎక్కువ చెప్పను. కారు అయితే డ్రైవర్ వైపు తలుపు తీసినప్పుడు కనపడే అంచు మీదనో, పెట్రోలు మూత లోపలో స్టిక్కర్ ఉంటుంది. బైక్ అయితే చాలావాటికి చైన్ కవర్ దగ్గరో, మాన్యువల్‌లోనో. ఒక్కరికి ఒక అంకె, ఇద్దరు ఎక్కితే లేదా బరువు వేస్తే ఇంకో అంకె ఉంటుంది. దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. షాపు మనిషి ఎండాకాలం అన్నా, వానాకాలం అన్నా, ఆ ఫోటో చూపించి "ఇంత పెట్టన్నా" అని అడగండి. ఉదయం పూట, బండి ఎక్కువ దూరం తిరగకముందు చూపించండి. దూరం వచ్చి ఉంటే చల్లారేదాకా ఆగండి.

టైరు పక్కన నాలుగు అంకెలు ఒక గుండ్రటి గడిలో ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. టైరు వయసు అది. అరుగుదల గుర్తు దాకా అరిగిన టైరు, పక్క గోడ పగుళ్లు తేలిన టైరు ఉంటే, గాలి లెక్క ఎంత సరిగ్గా ఉన్నా మార్చేయండి.

అత్త భుజం మానింది. చలికాలంలో నొప్పి వస్తుందంటుంది. మామ ఇప్పుడు డిక్కీలో సొంత మీటర్ పెట్టుకుని తిరుగుతాడు. మొన్న పండక్కి వెళ్తే, బయల్దేరేముందు నాలుగు టైర్లూ తనే చూసుకుని, నా వైపు తిరిగి, "ఏమంటావ్ సైంటిస్టూ, 32 సరిపోతుందా?" అన్నాడు. నేను నియమం చెప్పలేదు. స్టిక్కర్ చూసి, సరిపోతుంది మామా అన్నాను.

వచ్చే ఎపిసోడ్‌లో ప్రెషర్ కుక్కర్‌లో పప్పు ఎందుకు తొందరగా ఉడుకుతుందో చూద్దాం. అప్పటిదాకా ఉంటాను, జాగ్రత్తగా నడపండి.